ఎర్ర గీతకి అడుగు కింద

పొద్దున పెట్టిన గ్లాసు పెట్టినట్టే ఉంది. అందులో ఒక చిన్న పురుగు కూడా పడింది. కౌన్సిలరమ్మ ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపి తెచ్చి, చెల్లెలి ముందు స్టూలు మీద ఠక్కున పెట్టింది.

"ఇదే ఆఖరు. ఇంక మార్చను" అంది.

పొద్దున్నుంచీ ఆమె అలా అంటూనే ఉంది, మారుస్తూనే ఉంది.

చిన్నది గ్లాసు వంక కూడా చూడలేదు. గోడకి చేరగిలబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. ఒంటి మీద ఇంకా తను పనిచేసే ఆసుపత్రి కోటే ఉంది. ఒకప్పుడది తెల్లదే. కాలరు దగ్గర చెమట చారలు కట్టి, జేబుల దగ్గర మట్టిరంగు తిరిగింది. తాగడానికే దిక్కులేని ఊళ్ళో కోట్లు ఎవరు ఉతుకుతారు?

నిన్న సాయంత్రం బస్సు దిగి వచ్చిన దగ్గర్నుంచి ఆమె పుట్టింట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పెదాలు పగిలాయి. మాట్లాడితే గొంతు జీరగా వస్తోంది. మాట్లాడకపోతే అంతకన్నా భయంగా ఉంది.

"నా ఓటు కోసమే కదా ఈ పంతం" అంది కౌన్సిలరమ్మ. "నువ్విలా శోషొచ్చి పడిపోయేదాకా కూర్చుంటే, సాయంత్రం నేను కళ్ళు మూసుకుని చెయ్యెత్తేస్తానని."



సాయంత్రం నాలుగింటికి మునిసిపల్ మీటింగు. రిజర్వాయరులో మిగిలిన నీళ్ళు బయటి ఊళ్ళకి అమ్మాలా వద్దా అన్నది ఇవాళ తేలిపోవాలి. సభ్యుల్లో సగం అటు, సగం ఇటు. ఎటూ తేలని ఓటు ఒక్కటే ఉంది. అది ఈ ఇంట్లో గ్లాసులు మారుస్తూ తిరుగుతోంది.

బయటి ఊళ్ళు అనడం మాటవరసకే. పైపు వెళ్ళేది ఒక్క ఊరికే. అది చిన్నదాని అత్తగారి ఊరు.

"నాకు మాత్రం కడుపు తరుక్కుపోవట్లేదనుకున్నావా? కానీ రూలు నేను పెట్టింది కాదుగా. ఎర్ర గీత పైన నీళ్ళుంటే అమ్మొచ్చు, కిందుంటే చుక్క కదపకూడదు. అదే మాట వీధి వీధీ తిరిగి చెప్పి గెలిచాను. ఇవాళ పొద్దున కూడా మీ బావ ఫోనులో చెప్పాడు, ఎర్ర గీతకి అడుగు కింద అని. అడుగు కిందుంటే ఏం చూసి అమ్మమంటావే?"

చిన్నది అప్పుడు తలెత్తింది. అక్కవైపు కాదు, భోజనాల బల్ల దగ్గర కూర్చున్న బావవైపు.

బావ ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

ఈయన ఈ ఇంటి అల్లుడు. రిజర్వాయరు బురుజు మీద గీసిన గేజీ చూసి, నీళ్ళు ఎంత మట్టంలో ఉన్నాయో రోజూ పొద్దున ఆఫీసుకి చెప్పడం ఈయన ఉద్యోగం. అది నిజానికి మావగారి ఉద్యోగం. రిటైరయ్యే ఏడు ఆయన ఉద్యోగాన్నీ పెద్దకూతుర్నీ కలిపి ఈయన చేతిలో పెట్టాడు. రెండింటి గురించీ ఈయన ఏనాడూ నోరెత్తి ఫిర్యాదు చెయ్యలేదు. అసలు నోరెత్తడమే తక్కువ.

"తిను బావా" అంది చిన్నది. "మొన్న నొప్పులతో ఒకామె వచ్చింది. కాన్పుల గదిలో చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవు. ఏ చేతుల్తో పురుడు పొయ్యను? వాకిట్లోంచే లారీ ఎక్కించి పంపేశాను. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేనే విడిపించుకున్నాను."

"తర్వాత?" అంది కౌన్సిలరమ్మ.

చిన్నది తన అరచేతుల వంక చూసుకుంది. అక్క మళ్ళీ అడగలేదు.

"సోమవారం ఆసుపత్రి మూసేస్తారు" అంది చిన్నది. "దాని వెనకే ఊరూ లేచిపోతుంది. మా వీధిలో ఇప్పటికే సగం ఇళ్ళకి తాళాలు."

వరండాలోంచి పెద్దాయన దగ్గు వినిపించింది. మాట్లాడబోయే ముందు ఆయనకి దగ్గడం అలవాటు. ఊళ్ళో అందరూ ఆయన్ని గీతల తాత అంటారు. బురుజు మీద గీతలన్నీ ఆయన చేత్తో రంగు వేసినవే. ఆయన నడిచివస్తుంటే కుళాయి దగ్గర కొట్టుకునేవాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు.

"కష్టం అందరికీ ఉంటుంది" అన్నాడు గుమ్మంలోకి వచ్చి. "అడిగినవాళ్ళందరికీ పోసుకుంటూ పోతే రేపు మనం ఎవర్ని అడగాలి? బయటివాళ్ళకి ఒక్క చుక్క కూడా ఇవ్వకూడదు. నేను మొదట్నుంచీ అదే చెప్తున్నాను."

"నేనెవర్ని నాన్నా?"

"నీ సంగతి కాదమ్మా."

"నా సంగతే. నేను బయటిదాన్నా, లోపలిదాన్నా? అది చెప్పు చాలు."

పెద్దాయన గోడ గడియారం వంక చూశాడు. 

"పిల్లనిచ్చేశాక..." అని మొదలుపెట్టాడు. పూర్తి చెయ్యలేదు. పూర్తిచేస్తే బాగుండేదేమో. సగంలో ఆగిన ఆ మాట ఇల్లంతా పరుచుకుని కూర్చుంది.

చిన్నది నవ్వింది. నవ్వితే పెదవి చిట్లి రక్తం కనపడింది.

"అక్కా, నా పంతం నీ మీద కాదు" అంది. "పొద్దున్నుంచీ అనవసరంగా గ్లాసులు మారుస్తున్నావు. వీళ్ళిద్దరిలో ఎవరో ఒకరు తమంతట తాము చెప్తారేమోనని చూశాను. చెప్పరు."

"ఏం చెప్పాలి?"

"నిన్న బస్సు కట్ట దగ్గర ఆపించుకుని దిగాను. వాచ్‌మన్ నన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగున్నవాడేగా, గేటు తీశాడు. మెట్లు దిగాను. నువ్వూ నేనూ నాన్నకి క్యారేజీ తెచ్చి, కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని కూర్చునే మెట్టు గుర్తుందా? అది కనపళ్ళేదు. బురుజు మీద ఎర్ర గీత కూడా కనపళ్ళేదు. నీళ్ళ కింద ఉందక్కా. అడుగు లోతున ఉంది."

కౌన్సిలరమ్మ భర్తవైపు తిరిగింది. "ఏమండీ."

ఆయన నీళ్ళు నమిలాడు. కంచంలో మెతుకులు ఒక పక్కకి చేర్చాడు, మళ్ళీ ఇంకో పక్కకి జరిపాడు.

"ఏమండీ, మిమ్మల్నే. నీళ్ళు గీతకి పైనున్నాయా, కిందున్నాయా?"

"మావయ్యని అడుగు" అన్నాడు.

పెద్దాయన దగ్గలేదు ఈసారి.

"పైనే ఉన్నాయి" అన్నాడు. "అడుగు పైన. రోజూ రెండడుగులు తగ్గించి చెప్పమన్నది నేనే. ఉద్యోగం ఇచ్చిన రోజునే మాట తీసుకున్నాను. నేను చేసినన్నాళ్ళూ అలాగే చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఈ ఊరు వాకిళ్ళకీ కార్లకీ పోసి ఊడ్చేస్తుంది. లేవంటే అణిగి ఉంటుంది. మీ అమ్మ వంటింటి డబ్బాల్లో చిల్లర దాచేది చూడు, అలాంటిదే ఇదీ. ఆ పెద్ద కరువప్పుడు మీరు పసివాళ్ళు. లెక్క ప్రకారం రిజర్వాయరు ఎండిపోయింది. కుళాయిలు మాత్రం ఆగలేదు. అందరూ దేవుడి దయ అనుకున్నారు. నేను కాదనలేదు."

చెప్తుంటే ముసలాయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేని గొప్ప అది. చెప్పుకోవాల్సిన సమయం మాత్రం ఇది కాదు.

"మొన్న వేసవిలో రోజు విడిచి రోజు నీళ్ళిచ్చాం" అంది కౌన్సిలరమ్మ నెమ్మదిగా. "కుళాయిల దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటే, మధ్యలో దూరి దణ్ణాలు పెట్టి సర్దిచెప్పింది నేను. ఉంటే ఇవ్వమా తల్లీ, లేవు కదా అన్నాను. చంటిపిల్లాడి తల్లి ఒకామె ఖాళీ బిందె నా కాళ్ళ దగ్గర విసిరేసి పోయింది. అప్పుడూ ఉన్నాయా?"

భర్త కంచం మీదికి తల వంచుకున్నాడు.

"ఉన్నాయన్నమాట" అంది ఆమె.

కోపం వస్తుందనుకుంది. రాలేదు. చెల్లెలి పక్కనే నేల మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తన నోటితో ఊరికి చెప్పిన అబద్ధం ఈ ఇంట్లోనే వండి వడ్డించారు. తను తిని, పదిమందికీ పంచింది.

కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళింది. కంచం కడుక్కునే నెపంతో భర్త వెనకే వచ్చాడు. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి ఆ ఇంట్లో అదొక్కటే చోటు.

"ఓటుకి ముందు మిమ్మల్ని లేపి గేజీ ఎంతని అడుగుతారు కదా" అంది.

"నీళ్ళ మీద ఓటున్నప్పుడల్లా అడుగుతారు."

"ఏం చెప్తారు?"

"ఇవాళ నిజం చెప్తే నిన్నటిదాకా చెప్పినవన్నీ అబద్ధాలని ఒప్పుకున్నట్టే" అన్నాడు. "ఉద్యోగంతో పోతే పోనీ అనుకోవచ్చు. కేసు పెడతారు. నీకు తెలీకుండా జరిగిందంటే ఎవరు నమ్ముతారు? మావయ్యని ఈ వయసులో నలుగురిలో నిలబెట్టి దొంగా అంటారు."

"అబద్ధం చెప్తే?"

ఆయన కంచాన్ని మళ్ళీ కడిగాడు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

"ఆ నొప్పులామె చెయ్యి విడిపించుకున్నానంది కదా మీ చెల్లెలు" అన్నాడు. "అక్కణ్ణించి నాకు ముద్ద దిగలేదు."

అంతకంటే ఆయన చేత చెప్పించడం ఎవరి వల్లా కాదు. కౌన్సిలరమ్మ ఆయన చేతిలోంచి కంచం తీసుకుంది.

వాళ్ళు ముందుగదిలోకి వచ్చేసరికి పెద్దాయన చెప్పులు వేసుకుంటున్నాడు. గుమ్మం పక్క మేకుకి ఉన్న రిజర్వాయరు తాళంచెవుల గుత్తి తీసి జేబులో వేసుకున్నాడు. బజారుకెళ్ళినా ఆ గుత్తి పట్టుకునే వెళ్తాడు, రిటైరైనా ఆ అలవాటు పోలేదు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

"మీటింగుకి రావా నాన్నా?" అంది కౌన్సిలరమ్మ.

"నేనెందుకు? ఎప్పుడూ చెప్పేదే చెప్పమను అల్లుణ్ణి. మీ ఇద్దరి మీదికీ మాట రానివ్వను, అది నేను చూసుకుంటాను."

చిన్నదాని దగ్గర ఒక్క క్షణం ఆగాడు. చెయ్యి ఆమె తల దాకా వెళ్ళింది. తల మీద వెయ్యలేదు.

"తాగమ్మా" అన్నాడు. "పుట్టింట్లో అలా ఉండకూడదు."

"అక్కడికొచ్చి చెప్పు నాన్నా, తాగుతాను."

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మునిసిపల్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి రావట్లేదు. సభ్యులకి గుండ్రంగా కుర్చీలు, ఒక్కొక్కరి ముందూ మూత పెట్టిన నీళ్ళ గ్లాసు. వెనక గోడవారగా బయటివాళ్ళకి బెంచీలు. చిన్నది అక్కడ కూర్చుంది. పక్కన వాళ్ళ ఊరినుంచి వచ్చినవాళ్ళు కొందరు. అందరి కళ్ళూ సభ్యుల ముందున్న గ్లాసుల మీదే ఉన్నాయి. ఎవరూ వాటిని ముట్టుకోవట్లేదు. ఇంట్లో నీళ్ళున్నవాళ్ళకి మీటింగులో దాహం వెయ్యదు.

ఉపన్యాసాలయ్యాయి. ఒకాయన మానవత్వం గురించి మాట్లాడాడు, ఇంకొకాయన మన పిల్లల భవిష్యత్తు గురించి. ఇద్దరూ బాగానే మాట్లాడారు. ఛైర్మన్ ఆవలింత ఆపుకుంటూ గేజీ ఉద్యోగిని పిలిచాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

"రోజూలాగేనా?" అన్నాడు ఛైర్మన్ తలెత్తకుండా. "ఎర్ర గీతకి అడుగు కింద. అంతేగా? రాసేసుకుంటున్నాం."

అంత సుళువైన అబద్ధం ఎవరికీ దొరకదు. నోరు కూడా తెరవక్కర్లేదు. తలూపితే చాలు.

 ఆయన తలూపాలని కోరుకుందో, ఊపకూడదని కోరుకుందో కౌన్సిలరమ్మకే తెలీదు. ఆ క్షణంలో రెండూ కోరుకుంది.

"కాదండీ" అన్నాడు ఆయన.

ఛైర్మన్ తలెత్తాడు.

"నీళ్ళు గీతకి అడుగు పైనున్నాయండీ."

"ఏంటయ్యా, ఒంట్లో బాగుందా? పొద్దున కింద అన్నావు. నిన్న కింద అన్నావు. రాత్రికి రాత్రి వానేమన్నా పడిందా?"

"పడలేదండీ. రోజూ రెండడుగులు తగ్గించి చెప్తున్నాను."

హాలంతా గోలెత్తిపోయింది. కుర్చీలు జరిగాయి. ఎవరో బల్ల గుద్దారు. ఛైర్మన్ గంట కొట్టి, అది వినపడక, గ్లాసు మూతతో బల్ల మీద వాయించాడు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

ఆయన ఒకసారి భార్యవైపు చూశాడు. ఆ చూపులో ఏ సలహా అడగడం లేదు.

"ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. "నేనే."

కౌన్సిలరమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఈ మనిషి మీద జాలిపడింది, విసుక్కుంది, అలవాటుపడింది. ప్రేమ ఇవాళ పుట్టింది, ఇలాంటి చోట, ఇంతమంది శత్రువుల మధ్య.

"అర్థమైంది" అన్నాడు ఛైర్మన్. గొంతు మారింది. "మరదలి ఊరికి నీళ్ళు కావాల్సొచ్చేసరికి గీత నీళ్ళ కిందికి దిగిపోయింది. అంతేనా? భార్య కౌన్సిలరు, భర్త గేజీ, మరదలు బెంచీ మీద. బాగుందండీ సంసారం."

"నిజమే చెప్తున్నానండీ. వచ్చి చూడండి."

"చూస్తాం. నీ మాట మీద ఓటు వెయ్యడానికి మాకేం పిచ్చా? ఇప్పుడు వెళ్తే చీకటి పడిపోతుంది. రేపు పొద్దున సభ్యులందరం, పేపరువాళ్ళతో సహా, బురుజు దగ్గరికి వెళ్దాం. గీత నీళ్ళ కిందుంటే అక్కడే నిలబడి చేతులెత్తుదాం, ఆ ఊరికి నీళ్ళు వదులుదాం. గీత పైకి కనపడిందా, ఊరి నీళ్ళు దోచిపెట్టబోయావని నిన్ను అక్కణ్ణించే స్టేషనుకి పంపిస్తాం. కౌన్సిలరమ్మగారూ, మీరు రాజీనామా తెచ్చుకోండి. ఇంకెప్పుడూ ఈ సభలో నీళ్ళమ్మే ఊసు ఎత్తేవాడుండడు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను" అంది కౌన్సిలరమ్మ. వెంటనే అనేసింది. గీత నీళ్ళ కిందే ఉంది, భయమెందుకు?

లేచి తన ముందున్న గ్లాసు మూత తీసింది. సభ జరుగుతుండగా సభ్యులు లేవకూడదు. ఆమె లేచింది. హాలు చివరిదాకా నడిచి, బయటివాళ్ళ బెంచీ ముందు నిలబడి, గ్లాసు చెల్లెలి చేతిలో పెట్టింది.

"చెప్పేశాడే మీ బావ" అంది. "ఇంక తాగు."

చిన్నది రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. ఆత్రంగా దగ్గరికి తీసుకోబోతే నీళ్ళు కొంచెం కోటు మీద ఒలికాయి. ఒలికిన చోట అరచెయ్యి అదిమిపెట్టి, ఆ తడి చేతినే కళ్ళకి అద్దుకుంది. వాళ్ళ ఊరివాళ్ళలో ఒక ముసలామె పైకే ఏడ్చేసింది.

గ్లాసు పెదాల దాకా వెళ్ళింది.

అప్పుడే, భార్య వెనకే బెంచీ దాకా వచ్చిన బావ జేబులో ఫోను మోగింది. కట్ట మీది వాచ్‌మన్. పెద్ద గొంతు మనిషి, ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా వినపడతాడు. పక్కనే ఉన్న అక్కచెల్లెళ్ళిద్దరికీ వినపడింది.

"అయ్యా, పెద్దాయన వచ్చారండీ. కింది తూము రెండు తలుపులూ ఎత్తించారు. బురద పోవాలి, అల్లుడు చెప్పమన్నాడు అన్నారు. ఆయన చెప్తే కాదంటానా? ఎత్తాను. నీళ్ళు హోరుమని పోతున్నాయి. ఇప్పుడు నన్ను బయటికి పంపి, తూము గది లోపల గడియ పెట్టుకున్నారండీ. పిలిస్తే పలకట్లేదు. తనలో తనే ఏదో అనుకుంటున్నారు. పొద్దుటికి నీళ్ళు గీతకి అడుగు కిందికి వచ్చేస్తాయి, ఇంక నా పిల్లని ఎవరూ మాటనలేరు అంటున్నారు. ఏ పిల్లండీ? ఏంటండీ ఇది?"



అల్లుడు నిజం చెప్తాడని ముసలాయన కలలో కూడా అనుకోలేదు. చిన్నది నోరు విప్పినా ఎవరూ నమ్మకుండా, నిన్నటి అబద్ధాన్ని రేపటికి నిజం చేసేస్తే చాలనుకున్నాడు. జీవితమంతా దాచిన నీళ్ళని కూతురి పరువు కోసం తన చేత్తోనే వదిలేస్తున్నాడు. రేపు పొద్దున బురుజు మీద ఎర్ర గీత తళతళలాడుతూ కనపడుతుంది, ఆయన రంగు వేసిన గీత.

"కింది తూము నీళ్ళు ఎటు పోతాయి బావా?" అంది చిన్నది.

ఆమెకి తెలుసు. ఆ కట్ట మీద ఆడుకుని పెరిగిన పిల్ల.

"చవిటి నేలలోకి" అన్నాడు ఆయన.

"మా ఊరివైపు కొంచెం కూడా రావా?"

"రావు."

వేదిక మీదనుంచి ఛైర్మన్ వీళ్ళనే చూస్తున్నాడు. "ఏంటమ్మా అక్కడ గుసగుసలు? ఎవరా ఫోను? సభకి చెప్పాల్సిన సంగతైతే ఇక్కడికొచ్చి చెప్పండి."

హాలంతా వెనక్కి తిరిగింది. భర్త ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని భార్య మొహంలోకి చూశాడు. ఈసారి సలహా అడుగుతున్నాడు. కౌన్సిలరమ్మ నోరు తెరిచింది. తూము మూయించాలంటే ముందు చెప్పాల్సింది నాన్న పేరే.

చిన్నది గ్లాసు తెచ్చి, ఒక్క చుక్క తాగకుండా, అక్క చేతిలో పెట్టేసింది.